రాగిపొడి కూరినవాళ్ళు

ఇద్దరూ ఫిజిక్స్ చదివినవాళ్ళే. ఒకరు ముప్పై ఏళ్ళకు పైగా క్వాంటమ్ మెకానిక్స్ పాఠం చెప్పి రిటైరైన ప్రొఫెసర్. రెండో ఆయన ఆ ప్రొఫెసర్ దగ్గరే ఎమ్మెస్సీ చదివి, పీహెచ్‌డీ పూర్తిచేసి, ఐరోపాలో రెండు పోస్ట్‌డాక్‌లు వెలగబెట్టి, చివరికి గచ్చిబౌలిలో ఒక ఫైనాన్స్ కంపెనీ డేటా విభాగంలో తేలిన శిష్యుడు. వాదన క్వాంటమ్ గురించే గానీ పేచీ అంతా మూడో మనిషి కోసం. నల్లగండ్లలో ప్రొఫెసర్ గారి పై ఫ్లాట్‌లో ఉండే అమ్మాయికి ఇది ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్. జెస్ట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ కొట్టింది. బ్యాగులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ లెటర్ కూడా ఉంది. "ఏం చెయ్యమంటారు తాతగారూ" అని అడగడానికి వచ్చి, ఈ ఇద్దరి మధ్యా ఇరుక్కుంది.

"ఉద్యోగంలో చేరు," అన్నాడు శిష్యుడు, రెండో మాట లేకుండా. "క్వాంటమ్ ఎక్కడికీ పోదు. ఆదివారాలు చదువుకో."

"ఆదివారాలు చదివితే వచ్చేది క్వాంటమ్ కాదురా, క్వాంటమ్ కబుర్లు," అన్నారు ప్రొఫెసర్. "అమ్మాయ్, 2025 అక్టోబరు 7న ఫిజిక్స్ నోబెల్ ఎవరికిచ్చారో చూశావు కదా. జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్. 1984, 85లలో బర్క్‌లీలో చేసిన పనికి. అప్పటికి క్లార్క్ ఒక్కడే ప్రొఫెసరు. డెవొరే ఫ్రాన్సు నుంచి వచ్చిన పోస్ట్‌డాక్. మార్టినిస్ పీహెచ్‌డీ విద్యార్థి, ఇరవై ఆరేళ్ళవాడు. ముగ్గురిలో ఇద్దరు మీ కోవవాళ్ళే."

ఆ ప్రయోగాన్ని ఆయన చెప్పిన తీరులోనే చెప్పుకోవాలి. రెండు సూపర్‌కండక్టర్ పొరల మధ్య అతి పలుచని ఇన్సులేటర్ పొర పెడితే అది జోసెఫ్‌సన్ జంక్షన్. అందులో ఏం జరుగుతుందో 1962లో లెక్కగట్టి చెప్పిన బ్రయన్ జోసెఫ్‌సన్ అప్పటికి కేంబ్రిడ్జిలో 22 ఏళ్ళ విద్యార్థి. ట్రాన్సిస్టర్‌కి నోబెల్ అందుకున్న జాన్ బార్డీన్ అంతటివాడు ఆ లెక్క తప్పని అచ్చులోనే రాశాడు. తప్పు బార్డీన్‌దేనని త్వరలోనే తేలింది. ఈ జంక్షన్‌లోంచి కొంత కరెంటు వోల్టేజీ ఏమీ లేకుండానే పోతుంది. కరెంటు పెంచుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు ఆ స్థితి తెగి, వోల్టేజీ కనిపిస్తుంది. గుంటలో ఉన్న గోళీ గట్టు దాటినట్టన్నమాట. వేడి వల్ల పుట్టే కుదుపులే దాన్ని గట్టెక్కిస్తున్నాయనుకుంటే, చల్లబరిచేకొద్దీ దాటడం తగ్గాలి. బర్క్‌లీ ముగ్గురూ చల్లబరుస్తూ పోయారు. తగ్గింది, తగ్గింది, ఒక దశకొచ్చాక ఇంకెంత చల్లబరిచినా తగ్గనంది. అంటే అది గట్టు ఎక్కడం లేదు, గట్టులోంచే దూరిపోతోంది. కోట్లాది ఎలక్ట్రాన్ జంటలు కలిసికట్టుగా, ఒకే కణంలాగా టన్నెలింగ్ చేస్తున్నాయి. తర్వాత మైక్రోవేవ్‌లు పంపి చూస్తే గుంటలో శక్తి మెట్లు మెట్లుగా ఉందని కూడా తేలింది.

"ఇందులో కష్టం సిద్ధాంతంలో లేదు, తీగల్లో ఉంది," అన్నారు ప్రొఫెసర్. గది వేడిలో ఉండే పరికరాల నుంచి మైక్రోవేవ్ రొద తీగల వెంట కిందికి దిగుతుంది. అది చిప్‌ని తాకిందంటే వేడి కుదుపుకీ టన్నెలింగ్‌కీ తేడా పట్టుకోలేం. దాన్ని ఆపడానికి వాళ్ళు రాగిపొడి వాడారు. ఒక లోహపు గొట్టం, దాని నిండా మెత్తటి రాగిపొడి, ఆ పొడిలో చుట్టలు చుట్టి పూడ్చిన పొడవాటి తీగ. రేణువులన్నిటి ఉపరితలం కలిపితే బోలెడంత అవుతుంది కాబట్టి ఆ పొడి మైక్రోవేవ్ రొదని మింగేస్తుంది, మెల్లగా మారే కరెంటుని మాత్రం పోనిస్తుంది. లోహపు పొడితో ఫిల్టర్లు చేసుకోవడం ఈనాటికీ ఈ రంగంలో ఉన్నదే. "ఆ పొడి గొట్టాల్లోకి కూరింది ఎవరనుకున్నావ్? క్లార్క్ గారైతే అయ్యుండరు."

శిష్యుడు నవ్వాడు గానీ వదల్లేదు. "పొడి కూరినవాళ్ళలో నోబెల్ వచ్చినవాళ్ళ పేర్లే మీకు తెలుసు సార్. కూరి కూరి ఇంటికెళ్ళినవాళ్ళ పేర్లు ఎవరు చెబుతారు? సరే, నోబెల్ వచ్చినవాడి సంగతే చెప్పుకుందాం. జాన్ క్లౌజర్."

క్లౌజర్ కథ అతని వైపే బలంగా ఉంది. బెల్ సిద్ధాంతాన్ని ప్రయోగంలో పరీక్షించవచ్చని పట్టుకున్నది కొలంబియాలో విద్యార్థిగా ఉన్నప్పుడు. 1972లో బర్క్‌లీలో స్టూవర్ట్ ఫ్రీడ్‌మన్ అనే పీహెచ్‌డీ విద్యార్థితో కలిసి ప్రయోగం చేసి చూపించాడు. అప్పుడు అతన్ని తీసుకున్నదేమో రేడియో ఖగోళశాస్త్రం కోసం. ఈ పనికి గాను ఏ యూనివర్సిటీ అతనికి ప్రొఫెసర్ పదవి ఇవ్వలేదు. నోబెల్ 2022లో వచ్చింది, సరిగ్గా యాభై ఏళ్ళకి. అతనితో పాటు ఆ బహుమతి అందుకున్న ఆలెన్ ఆస్పే 1975లో ఇదే ప్రయోగాన్ని ఇంకా పకడ్బందీగా చేస్తానని జాన్ బెల్ దగ్గరికి వెళ్తే, బెల్ ముందు అడిగింది ఫిజిక్స్ గురించి కాదు, పర్మనెంట్ ఉద్యోగం ఉందా అని. ఆస్పేకి ఉంది. ఆ ప్రశ్నని ఆయనే ఎన్నో సభల్లో చెప్పుకున్నాడు.

"మరి నీకు ఉందా?" అని అమ్మాయి వైపు తిరిగాడు శిష్యుడు. "జేఆర్‌ఎఫ్ నెలకి 37,000. రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000. పైన హెచ్‌ఆర్‌ఏ. నేను చేరేనాటికి ఇంకా తక్కువ. 2019లో స్కాలర్లు రోడ్డెక్కితే 25,000 కాస్తా 31,000 అయింది, 2023లో 37,000 అయింది. అదైనా నెలనెలా పడుతుందనుకోకు. నాకు నెలల తరబడి రాక, మెస్ బిల్లు కోసం ఫ్రెండ్స్ దగ్గర అప్పుచేశాను. పీహెచ్‌డీకి ఐదారేళ్ళు, పోస్ట్‌డాక్‌లు ఇంకో నాలుగైదు. తెమిలేసరికి ముప్పై మూడు దాటతాయి. అప్పుడు కూర్చుని అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూడాలి. ఈలోగా ఇంట్లో పెళ్ళి గోల ఉండనే ఉంటుంది, నాకంటే నీకు ఎక్కువ."

"పీఎంఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్ళూ నెలకి 70,000, ఆఖరికి 80,000," అన్నారు ప్రొఫెసర్. "ఐదేళ్ళలో 10,000 మందికి ఇస్తామని 2025 బడ్జెట్‌లో చెప్పారు."

"అది ఎవరికి వస్తుందో, ఏ సబ్జెక్టుకి ఎన్ని వస్తాయో మీకు తెలుసు సార్."

ప్రొఫెసర్ ఆ మాటకి బదులివ్వకుండా క్వాంటమ్ మిషన్ మీదికి దూకారు. కొంచెం తప్పించుకున్నారనే చెప్పాలి. 2023 ఏప్రిల్ 19న కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన నేషనల్ క్వాంటమ్ మిషన్‌కి 6,003.65 కోట్ల రూపాయలు. ఎనిమిదేళ్ళలో 50 నుంచి 1,000 క్యూబిట్ల యంత్రాలు, 2,000 కిలోమీటర్ల దూరం భద్రంగా సందేశాలు పంపగల ఉపగ్రహ వ్యవస్థ. నాలుగు కేంద్రాలు: కంప్యూటింగ్ బెంగళూరు ఐఐఎస్సీకి, కమ్యూనికేషన్ ఐఐటీ మద్రాస్‌కి, సెన్సింగ్ ఐఐటీ బాంబేకి, మెటీరియల్స్ ఐఐటీ ఢిల్లీకి. "నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక లేజర్ కొనాలంటే మూడేళ్ళు ఫైలు తిరిగేది. ఇప్పుడు డబ్బుంది, మనుషులే లేరు."

"మిషన్ ఎప్పటిదాకా?"

"2030-31 దాకా."

"ఈ అమ్మాయి 2026 ఆగస్టులో చేరితే పీహెచ్‌డీ ఎప్పుడు చేతికొస్తుంది? 2031లోనో 32లోనో. మిషన్ తలుపు మూసేనాటికి ఈమె బయటికొస్తుంది."

ఇది గట్టి దెబ్బ. వేల కోట్ల ప్రకటన ఏదైనా సరే, అందులో యంత్రాలకెంత, ప్రాజెక్టు సిబ్బందికెంత, పదవీ విరమణ దాకా ఉండే పోస్టులకెంత అని విడదీసి చూడాలి. ప్రాజెక్టు పోస్టు ప్రాజెక్టుతోనే పోతుంది. ప్రొఫెసర్ కాసేపు ఆగి, పోస్టులు క్వాంటమ్ పేరుతో రావని, ఫిజిక్స్, ఈసీఈ, కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్లలోనే వస్తాయని అన్నారు. బయట పనిచేసి తిరిగొచ్చేవాళ్ళకైతే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఉంది: ఐదేళ్ళు, నెలకి 1,25,000, పరిశోధన ఖర్చుకి ఏడాదికి 7 లక్షలు. రామానుజన్ ఫెలోషిప్ ఉంది. పైగా 2024 డిసెంబరులో ఏఐసీటీఈ బీటెక్ వాళ్ళకి క్వాంటమ్ టెక్నాలజీస్ మైనర్ సిలబస్ విడుదల చేసింది. "అన్ని కాలేజీల్లో ఆ పాఠం ఎవరు చెప్పాలి?"

"ఆ పీరియడ్‌లో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు," అన్నాడు శిష్యుడు. ఇంజనీరింగ్ కాలేజీ గుమ్మం తొక్కినవాడెవడూ కాదనలేని మాట.

అమ్మాయి ఇక్కడ మొదటిసారి నోరు విప్పింది. "అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ వస్తోంది కదా అన్నయ్యా. నాన్న రోజూ అదే అంటున్నారు."

చిత్రంగా, ఈ ఒక్క విషయంలో ఇద్దరి గొంతూ కలిసింది. ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో కలిసి అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ పెడతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 మేలో ప్రకటించింది. అందులో పెట్టదలచింది 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ ఉన్న ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ. యంత్రం దగ్గరుంటే మంచిదే, దాని మీద ప్రోగ్రాములు రాసేవాళ్ళు తయారవుతారు. కానీ ఆ 156 క్యూబిట్లలో ఒక్కటి కూడా ఇక్కడ చేసింది కాదు. "ఐబీఎం యంత్రం వాడుకోవడానికి అమరావతి దాకా పోనక్కర్లేదు," అన్నాడు శిష్యుడు. "2016 నుంచే క్లౌడ్‌లో పెట్టారు. ఇప్పటికీ నెలకి పది నిమిషాలు ఉచితం. ఈ రాత్రే అకౌంట్ తెరువు." ప్రొఫెసర్ తల ఊపారు.

ఆ ఊపులోనే శిష్యుడు రంగం మొత్తాన్ని దులపడం మొదలుపెట్టాడు. 2019లో గూగుల్ 53 క్యూబిట్ల సికమోర్‌తో 200 సెకన్లలో చేసిన లెక్కకి సూపర్ కంప్యూటర్‌కైతే 10,000 ఏళ్ళు పడుతుందంది. రెండున్నర రోజులు చాలని ఐబీఎం వెంటనే ఎదురు చెప్పింది. మేజరానా కణం దొరికిందని 2018లో నేచర్‌లో వచ్చిన డెల్ఫ్ట్ బృందం పేపర్‌ని 2021లో వెనక్కి తీసుకున్నారు. సెర్గీ ఫ్రోలోవ్, విన్సెంట్ మౌరిక్ అనే ఇద్దరు అసలు డేటా అడిగి తెప్పించుకుని చూడబట్టి ఆ లోపం బయటపడింది. 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మేజరానా 1 చిప్ అంటూ హడావిడి చేసింది. దానితో వచ్చిన నేచర్ పేపర్ రిఫరీల ఫైల్‌లోనేమో, ఈ ఫలితాలు మేజరానా స్థితులున్నాయనడానికి రుజువు కావని సంపాదకులే రాశారు. "ఇక ఈవిన్ టాంగ్. 2018లో పద్దెనిమిదేళ్ళ పిల్ల. ఏ సినిమా చూడాలో, ఏ సరుకు కొనాలో సూచించే లెక్కలో క్వాంటమ్ కంప్యూటర్‌కి ఎంతో లాభం ఉంటుందనుకున్నారు. మామూలు కంప్యూటర్‌కీ దాదాపు అంత వేగం వస్తుందని చూపించింది. ఆ ఆశ కాస్తా పోయింది."

"ఆగు," అన్నారు ప్రొఫెసర్. వాదనలో ఆయన బాగా గెలిచిన చోటు ఇదే. "టాంగ్‌కి ఆ సమస్య ఎవరిచ్చారు? టెక్సస్‌లో స్కాట్ ఆరన్‌సన్. ఏమని ఇచ్చాడు? మామూలు కంప్యూటర్‌కి ఆ వేగం రాదని నిరూపించమని. ఆ పిల్ల బీఎస్ చదువుతూ ఏడాది తంటాలు పడి, అది రాదని కాదు, వస్తుందని చూపించింది. అదీ క్వాంటమ్ పరిశోధనే. ఆమెకి పీహెచ్‌డీ సీటు రాలేదా, పేరు రాలేదా? మౌరిక్ ఎవరు? అదే డెల్ఫ్ట్‌లో పీహెచ్‌డీ విద్యార్థిగా 2012 నాటి తొలి మేజరానా పేపర్‌కి మొదటి రచయిత. ప్రచారాన్ని పట్టుకునేది కూడా లోపల ఉన్నవాడే. నువ్వు చెప్పినవన్నీ ఈ రంగం బతికే ఉందనడానికి సాక్ష్యాలు."

శిష్యుడు ఒప్పుకోలేదు గానీ కొత్త దారి పట్టాడు. అసలు పని యూనివర్సిటీల నుంచి కంపెనీలకి పోయిందన్నాడు. 2024 డిసెంబరులో గూగుల్ 105 క్యూబిట్ల విలో చిప్ మీద చూపించింది చిన్న సంగతి కాదు. తప్పులు దిద్దే కోడ్ పరిమాణాన్ని 3, 5, 7గా పెంచిన ప్రతిసారీ తప్పులు సగానికి పైగా తగ్గాయి. పీటర్ షోర్ 1995లో తప్పులు దిద్దే కోడ్ రాసిన దగ్గర్నుంచీ అందరూ ఎదురుచూసింది దీని కోసమే. 2,048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళాన్ని విప్పడానికి 2 కోట్ల క్యూబిట్లు కావాలని 2019లో లెక్కగట్టిన క్రెయిగ్ గిడ్నీ, 2025 మేలో 10 లక్షల లోపే చాలన్నాడు. ఆయనా గూగుల్‌వాడే. "ఒక పీహెచ్‌డీ కుర్రాడు ఒంటరిగా కూర్చుని ఏం చేస్తాడు?"

"6,100 పరమాణువుల్ని లేజర్ చిమటాలతో వరసగా పట్టి నిలబెడతాడు," అన్నారు ప్రొఫెసర్. 2025లో కాల్‌టెక్‌లో మాన్యుయెల్ ఎండ్రెస్ బృందం చేసిన పని అది. పేపర్‌లో ముందున్న పేర్లు పీహెచ్‌డీ విద్యార్థులవే. ఆ క్యూబిట్లు 13 సెకన్ల దాకా తమ క్వాంటమ్ స్థితిని నిలబెట్టుకున్నాయి. 2024లో థోరియం కేంద్రకాన్ని లేజర్‌తో మీటి అణుగడియారం కాదు, కేంద్రక గడియారానికి దారి వేసినవి బ్రౌన్‌ష్వైగ్‌లోని పీటీబీ, వియన్నా టెక్నికల్ యూనివర్సిటీ, కొలరాడోలోని జీలా. కంపెనీల పేరు కంప్యూటర్లలో వినిపిస్తుంది గానీ గడియారాలు, సెన్సర్లు, చల్లటి పరమాణువులు ఇంకా ల్యాబుల చేతుల్లోనే ఉన్నాయి. హైదరాబాద్‌కీ ఇందులో పాత లెక్క ఉంది. గిరీష్ అగర్వాల్ 1977 నుంచి 1995 దాకా సెంట్రల్ యూనివర్సిటీలో కూర్చునే క్వాంటమ్ ఆప్టిక్స్‌లో ప్రపంచం చదివే పేపర్లు రాశారు. ఆ రోజుల గురించి ప్రొఫెసర్ చెప్పడం మొదలుపెడితే ఆపడం కష్టం. శిష్యుడు ఆపాడు.

"అది థియరీ సార్. నేను మునిగింది అందులోనే. కాగితం, పెన్నూ చాలని అందరూ ఎక్కే పడవ అది, అందుకే పోటీ ఎక్కువ. నేను బయటికొచ్చాక నా చేతిలో ఏముంది? ప్రోగ్రామింగ్ తప్ప ఏమీ లేదు. ప్రయోగాలు చేసిన నా బ్యాచ్‌మేట్‌ని ఫ్రిజ్‌లు అమ్మే కంపెనీవాళ్ళు వెతుక్కుంటూ వచ్చి తీసుకున్నారు."

ఫ్రిజ్ అంటే వంటింటిది కాదు. క్యూబిట్లని పరమశూన్య ఉష్ణోగ్రతకి 0.01 డిగ్రీ పైన ఉంచే డైల్యూషన్ ఫ్రిజ్. బంగారు పూత పూసిన రాగి పళ్ళేలు ఒకదాని కింద ఒకటి వేలాడుతుంటాయి, కిందికి పోయేకొద్దీ చలి పెరుగుతుంది. అన్నిటికన్నా కింది పళ్ళేనికి చిప్. హీలియం-4లోకి హీలియం-3 కరుగుతూ వేడిని లాగేస్తుంది. ఆ హీలియం-3 ఎక్కడిదంటే చాలామటుకు అణ్వాయుధాల కోసం చేసిన ట్రిటియం క్షీణించగా మిగిలింది. బాంబుల గోడౌన్‌లో పుట్టిన గ్యాసు క్వాంటమ్ కంప్యూటర్‌ని చల్లబరుస్తోందన్న సంగతి ప్రెస్‌మీట్లలో ఎవరూ చెప్పరు. ఆ ఫ్రిజ్‌లో పంపు మొరాయించినా, తీగ తెగినా, సీలు కారినా సరిచేయగలిగినవాళ్ళు దేశంలో కొద్దిమందే.

"ఇదే నేను చెబుతున్నది," అన్నారు ప్రొఫెసర్. "డెవొరే తర్వాత యేల్‌కి వచ్చాడు. అక్కడ ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన ఆర్. విజయరాఘవన్, బర్క్‌లీలో పోస్ట్‌డాక్ చేసి, ముంబై టీఐఎఫ్‌ఆర్‌లో ల్యాబ్ పెట్టాడు. 2024 ఆగస్టులో డీఆర్‌డీఓ, టీఐఎఫ్‌ఆర్ కలిసి ఆరు క్యూబిట్ల ప్రాసెసర్‌ని పరీక్షించామని చెప్పారు, టీసీఎస్ కూడా అందులో ఉంది. ఆరే కదా అని నవ్వొచ్చు. కానీ ఆ ఆరింటినీ ఇక్కడి పిల్లలు చేత్తో చేశారు. ఆ విద్య వచ్చినవాళ్ళు ఎక్కడికి పోయినా బతుకుతారు."

"విద్యార్థుల పేర్లు తెలుసా సార్?"

ప్రొఫెసర్‌కి తెలియవు. ఆ సంగతి ఒప్పుకున్నారు కూడా.

విదేశాల మాట త్వరగానే తేలిపోయింది. అమెరికా ఇప్పుడు ఎగుడుదిగుడుగా ఉందని ఇద్దరూ అన్నారు. జాతీయ సైన్స్ ఫౌండేషన్ బడ్జెట్‌ని సగానికి పైగా కోయాలని 2025లో అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది, సెప్టెంబరులో కొత్త హెచ్-1బీలకి లక్ష డాలర్ల ఫీజు పెట్టింది. జర్మనీ, ఆస్ట్రియా, నెదర్లాండ్స్‌లలో పీహెచ్‌డీ అంటే చాలాచోట్ల ఉద్యోగ కాంట్రాక్టు, జీతం, సెలవులు. సింగపూర్‌లో సీక్యూటీ, కెనడాలో వాటర్లూ ఎలాగూ ఉన్నాయి. "అక్కడ నేను పడ్డ కష్టం ల్యాబ్‌లో కాదు," అన్నాడు శిష్యుడు, "రెండేళ్ళకోసారి సామాను సర్దుకోవడంలో."

అమ్మాయి అప్పటికి తేల్చుకున్నట్టే మాట్లాడింది. తనకి థియరీ వద్దు, చేత్తో చేసే పనే కావాలి. బెంగళూరు ఐఐఎస్సీ, రామన్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, పుణె ఐసర్, ముంబై టీఐఎఫ్‌ఆర్ రాసుకుంది. అయితే ఏ ల్యాబ్ మంచిదో ఎలా తెలుస్తుంది?

"గైడ్ పేపర్లు చదువు," అన్నారు ప్రొఫెసర్.

"గైడ్‌ని అసలు అడక్కు," అన్నాడు శిష్యుడు. "అదే ల్యాబ్‌లో మూడో ఏడాది, నాలుగో ఏడాది చదువుతున్నవాళ్ళకి మెయిల్ పెట్టు. వాళ్ళు అబద్ధం చెప్పే స్థితిలో ఉండరు."

మెయిల్ అక్కడే కూర్చుని రాశారు. పోయిన ఏడాది ఫ్రిజ్ ఎన్ని నెలలు చల్లగా నడిచిందో అడగమన్నారు ప్రొఫెసర్. చెడిపోయిన ఫ్రిజ్ ఉన్న ల్యాబ్‌లో చేరితే రెండేళ్ళు విడిభాగాల కోసం ఎదురుచూడటంతోనే సరిపోతుందట. గడిచిన ఐదారేళ్ళలో అక్కడి నుంచి బయటికెళ్ళినవాళ్ళు ఎన్నేళ్ళకి పట్టా తీసుకున్నారో, ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో అడగమన్నాడు శిష్యుడు. ఏది ముందు రాయాలన్న దాని మీద మళ్ళీ పది నిమిషాలు నడిచింది. ఫెలోషిప్ ఆలస్యమైతే గైడ్ తన గ్రాంటు నుంచి సర్దుతారా అన్న మూడో ప్రశ్న అమ్మాయే చేర్చింది.

"అది మరీ మొహం మీద అడిగినట్టుంటుందమ్మా," అన్నారు ప్రొఫెసర్.

"దాన్నే పైన పెట్టు," అన్నాడు శిష్యుడు.